అమ్మోరు నడవదు

పొద్దు ఇంకా గుట్ట మీద రెండు బారల ఎత్తున ఉంది. అది గుట్టను తాకేలోపు మందను వాగు దాటించి పోచమ్మ రాయి దగ్గరికి తోలాలట, లచ్చుబావ హుకుం. హుకుం వెయ్యడానికి ఆయనేమన్నా జగదల్‌పూర్ రాజా, భోపాలపట్నం జమీందారా? మద్దేడు చుట్టుపక్కల ఏడు కురుమ మందలకు పెద్ద, తన మొగుడికి తోడబుట్టిన అన్న, అంతే కదా, అంతకు మించి నెత్తిన కొమ్ములేమన్నా ఉన్నాయా అనుకుంటూ బీరవ్వ వాగొడ్డు బండ మీద కాళ్లు బారజాపుకుని కూర్చుంది. వెనక గుట్టవాలులో గొర్రెలు తలలు వంచి ఎండుగడ్డి కొరుకుతున్నాయి. ముందు, రేవులోకి దిగే బాటకు అడ్డంగా, నిలువెత్తు రేగుకంప. ఆ కంప కొట్టింది ఆమే, ఈడ్చుకొచ్చి వేసింది ఆమే, ఇరవై రోజులైనా చేతుల మీది గీరలు మానలేదు. అవతలి ఒడ్డున ఆరు మందలు అప్పుడే చేరిపోయాయి, దుమ్ము లేస్తోంది, డప్పులు కాచుకునే మంట పొగ కనిపిస్తోంది. ఏడో మంద రాకపోతే అమ్మోరి కొలుపు పూర్తి కాదు. పూర్తి కాకపోతే బీరప్ప బండారి, ఆ చిటికెడు పసుపు, ఇక ఈ ఇంటికి ఇవ్వరు. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, చస్తే మోసేవాళ్లు ఉండరు. పొద్దున మొగుడు గట్టయ్య అవతలి ఒడ్డు నుంచే ఈ మాట అరిచి చెప్పి, తల వంచుకుని మళ్లీ అన్న దగ్గరికే పోయాడు. పేరుకే గట్టయ్య. ఇరవై ఏళ్ల కాపురంలో అన్న ముందు గొంతు లేపిన పాపాన పోలేదు. ఇప్పుడు లేపుతాడా? రానీ, మందను తోలుకుపోవడానికే వస్తే ముందు ఈ కంప దాటాలి, తర్వాత నన్ను దాటాలి. ఒడిలో, గొంగడి మడతలో, గొర్రెపిల్ల ఓసారి కదిలి ఊరుకుంది. మధ్యాహ్నం నుంచి పాలు ముట్టలేదు. ఎండకు, అంతే. ఇప్పపూలు రాలే కాలం ఎండ మనిషినే పడేస్తుంది, పన్నెండు రోజుల కిందట తల్లి చచ్చిన పిల్ల ఎంత.

ఎండ సంగతి సరే, ఈ రోగం సంగతి మాత్రం ఆమెకు కొట్టినపిండి. తప్పిపోయిన గొర్రె జాడ ఎట్లా పడుతుందో అట్లాగే పట్టింది, వంగి వంగి, ఒక్కో అడుగూ చూసుకుంటూ. మాఘంలో లచ్చుబావ గోదావరి దాటి నైజాం వైపు సంతకు పోయి ఒక పొట్టేలును తెచ్చాడు, మెలి తిరిగిన కొమ్ములు, ఎత్తయిన మూపు, దాన్ని చూసి మురిసిపోనివాడు లేడు. మా మందలోకి మూడు రోజులు, మా మందలోకి మూడు రోజులు అని ఎగబడ్డారు. పెళ్లికొడుకు కూడా అన్ని ఇళ్లకు అంత మర్యాదగా తిరగడు. అది తిరిగిన వరసనే మంద తరవాత మంద తల వాల్చింది. మొదట చెవులు కాలతాయి, కండ్లు కారతాయి, ముక్కు చీదుతుంది. ఆ తర్వాత ఉన్ని మొలవని చోట, తోక కింద, తొడల సందున, ఎర్రటి మచ్చలు, మచ్చలు బొబ్బలు, బొబ్బలు పక్కులు. పిల్లలు ముందు పోతాయి, చూలువి నెలలు నిండకుండానే ఈసుకుపోతాయి. పొట్టేలు పోని మందకు రాలేదా, వచ్చింది, గురువారం గురువారం అందరూ ఒకే బండ మీద ఉప్పు పోసి నాకిస్తారే, దాని మీది నుంచి వచ్చింది. ఒక మంద లేచిన చెల్కలోనే ఎరువు కోసం ఇంకో మందను పండబెడతారే, ఆ పెంట మీది నుంచి వచ్చింది. చచ్చినదాని ఉన్ని ఎందుకు పోనివ్వాలని కత్తిరించి, అదే కత్తెరతో బతికినవాటినీ కత్తిరించారే, ఆ కత్తెర మీద కూర్చుని వచ్చింది. అంతా చూసింది బీరవ్వ. మరి ఆ పొట్టేలు ఆమె మందలోకి రాకపోవడం తెలివేనా అంటే, అబద్ధమెందుకు, తెలివి కాదు, తోడికోడలితో పంతం. నీ పొట్టేలు నాకొద్దు పో అంది. ఆ పంతమే మందను కాపాడింది. తెలివి తర్వాత వచ్చింది, ఒంటరిగా కూర్చుంటే రాక చస్తుందా.

అవతల ఇప్పుడేం చేస్తున్నారో చూడకుండానే చెప్పగలదు. అమ్మోరు పోసిన గొర్రెల్లో ఒకదాన్ని, ఆమె ఏరుకున్నది కదా అని, అమ్మకే ఇస్తారు. దాని తోలు పచ్చిపచ్చిగా బాటకు అడ్డం పరుస్తారు. ఏడు మందలూ ఒకటొకటిగా ఆ తోలు తొక్కుకుంటూ దాటాలి, దాటిన ప్రతిదాని మీదా ఒకే బాన లోంచి ఒకే వేపమండతో పసుపునీళ్లు చల్లుతారు, బిడ్డలందరూ ఒక్కచోట కూడితే తల్లి చల్లబడుతుందట. ఒక్కచోట కూడితే! ఆ మాట వింటే బీరవ్వకు చెంపల మీది గుంటలు దురద పెడతాయి ఇప్పటికీ. తనకు ఆరేళ్లప్పుడు చెల్లెలికి అమ్మోరు పోసింది, నాయనమ్మ వాడకట్టు పిల్లలందరినీ పిలిచి చెల్లెలి చుట్టూ కూర్చోబెట్టి ఒకే గొంగడి కప్పింది, తల్లీ, నీ బిడ్డలందరూ ఇక్కడే ఉన్నరు, చల్లగా చూడు అని. గొంగడి లోపల చీకటి, చెల్లెలి వేడి, ఎవరిదో నవ్వు, ఎవరో గిచ్చారు, భలే ఆటగా ఉండింది. తొమ్మిది మంది కూర్చున్నారు, ముగ్గురు లేచారు. నాయనమ్మ చెడ్డదా? కాదే, ప్రాణం పెట్టేది. ప్రాణం పెట్టేవాళ్లే గొంగడి కప్పుతారు, అదే కదా బాధ. నీకు భక్తి లేదు పోరీ అని మొన్న కులపోళ్లు అరిచారు. భక్తా? మీరు రాయికి మొక్కుతున్నారు, నేను ఆమె ఒళ్లో పడుకుని లేచాను. ఈ మొహం చూడండి, నాకూ ఆమెకూ ఎంత పరిచయం ఉందో తెలుస్తుంది. ఆమెకు కాళ్లు లేవు. ఎవరో ఒకరు ఎత్తుకుంటే తప్ప గడప కూడా దాటలేదు.

పిల్ల ముక్కు తడిగా చేతికి తగిలింది. దుమ్ము మరి, అవతల అంత దుమ్ము రేపుతుంటే ఏ ముక్కు కారదు. ఏం చెప్పాడు ఆ గుర్రం మీది ఆయన, పశువులకు సూదులేస్తూ పట్నం వైపు పోతూ ఈ రేవులో గుర్రానికి నీళ్లు పెట్టినప్పుడు? బీరవ్వ కాళ్లకు అడ్డం పడి అడిగింది, గొర్రెలకు కూడా ఒక సూది వెయ్యి సారూ అని. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, దీనికి నా దగ్గర మందు లేదమ్మా, ఉంటే వేద్దును అన్నాడు, గుర్రం ఎక్కాక వెనక్కి తిరిగి రెండే మాటలు హిందీలో అన్నాడు, అలగ్ రఖో. వేరుగా ఉంచు. మళ్లీ అన్నాడు, బస్, అలగ్ రఖో. మందు లేదని ఒప్పుకున్న మనిషి మాట అబద్ధం కాదనిపించింది. అడవి గూడెంలోని దోర్లల ఆడమనిషి కోసి విని పకపకా నవ్వింది, దీనికి గుర్రమెక్కి రావాల్నా, మా తాతల నాటి సంది చేసేది అదేగా, అమ్మోరు వస్తే మేం మీ లెక్క ఒక్కతాన కూడం బీరవ్వా, బాటకు ముండ్లు కొట్టి అడవిల తలో దిక్కు గుడిసె ఏసుకుంటం, పక్కులు రాలేదాక మొగుని మొకం గూడ చూడం. ఈ కంప కొట్టడం చూపించింది ఆ కోసే. రోజూ జావకుండ తెచ్చి, కంపకు అవతల బండ మీద పెట్టి, కూతేసి పోతుంది. ఇరవై రోజుల్లో ఒక్కసారి కూడా కంప ఇటు కాలు పెట్టలేదు. మరి నువ్వు? నువ్వు పెట్టలేదా అటు?

పెట్టింది. ఒక్కసారి. పన్నెండు రోజుల కిందట, అవతలి మందల వాళ్లు మేతకు పోయిన వేళ. నల్ల గొర్రెను చూడాలనిపించింది, చేతుల్లో పెంచి తోడికోడలి బిడ్డ పెళ్లికి ఇచ్చిన నల్లదాన్ని. లచ్చుబావ దొడ్డిలో ఒక మూల చచ్చి పడి ఉంది, కళ్లు పక్కులు కట్టి మూసుకుపోయాయి, దాని ఎండిపోయిన పొదుగును ఈ పిల్ల కుమ్ముతోంది, కుమ్మి, అరిచి, మళ్లీ కుమ్ముతోంది. ఒళ్లంతా చూసింది బీరవ్వ, ఎక్కడా మచ్చ లేదు. శుభ్రంగా ఉందిలే అనుకుంది. గొంగడిలో చుట్టుకుని వాగు దాటింది, ఎవరూ చూడలేదు. మందలో పాలున్న గొర్రె, మన బొల్లి కిందనే వదిలింది, బొల్లి మొదట తన్నింది, తర్వాత తన పిల్లతో పాటే తాగనిచ్చింది. అది రోగం తేవడం కాదు, పిల్లను తేవడం. రెండూ వేరు. వేరే కదా? పొట్టేలును తెచ్చినప్పుడు లచ్చుబావ కూడా ఒళ్లంతా చూసే తెచ్చి ఉంటాడు. ఆ ఆలోచన రాగానే బీరవ్వ దాన్ని దోమను తోలినట్టు తోలేసి, పిల్లను గొంగడితో సహా ఒడిలోనే పట్టుకుని లేచి నిలబడి, పొద్దు వంక చూసింది. ఒక బార మిగిలింది. వాగు వంక చూసేసరికి గట్టయ్య వస్తున్నాడు.

ఒక్కడే వస్తున్నాడు. భుజం మీద వాళ్ల నాయన గొంగడి, చేతిలో మోదుగాకు దొన్నె, అందులో బండారి కాబోలు. మోకాలి లోతుకు దిగాడు. వెనక గట్టు మీద లచ్చుబావ కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు, ఆయన వెనక జనం.

"ఆడనే ఆగు" అంది బీరవ్వ.

గట్టయ్య ఆగాడు. "అన్న పసుపు పంపిండే. పెట్టుకొని మందను తోలుకురమ్మన్నడు. ఒక్క దినమే. తోలు దాటిచ్చి మల్ల తోలుకొద్దం."

"ఆ తోలు ఏ దానిది?"

"ముసలయ్య మందల కుంటి పొట్టేలుది."

"అమ్మోరు పోసిందా దానికి?"

గట్టయ్య నీళ్ల వంక చూశాడు. "పోసినదాన్నేగా ఇచ్చేది."

"ఇగ నువ్వే చెప్పు. నీ భుజం మీది గొంగడి ఏంది? మొన్న దాంట్లేగా సచ్చిన పిల్లలను మోసింది?"

"మా నాయన గొంగడి గదనే ఇది."

"మీ నాయన మంచోడే. గొంగడి మంచిది గాదు. దాన్ని ఆ ఒడ్డుకే పెట్టి, తలతోని మునిగి రా. లేకుంటే ఆ ఒడ్డుకే ఉండు. మంద మాత్రం రాదు, మీ అన్నకు చెప్పు, ఒక్క గొర్రె రాదు."

ఆయన ముఖం ఎత్తి చూశాడు, ఆమెను కాదు, ఆమె ఒడిలోని దాన్ని. గొర్రెల్లో పుట్టి పెరిగిన మనిషి, అన్న ముందు నోరు లేవకపోవచ్చు, కళ్లు మాత్రం ఎక్కడికి పోతాయి.

"అదేంది, దాని కండ్లు గట్ల కారుతున్నయి?" అన్నాడు మెల్లగా.

ఎండకు, అందామనుకుంది. దుమ్ముకు, అందామనుకుంది. ఆలోపే చేతులు వాటంతట అవే పిల్లను తిప్పి తోక ఎత్తాయి. ఉన్ని లేని లేత చర్మం మీద కందిగింజంత మచ్చ ఒకటి, దాని పక్కన ఇంకొకటి, తొడ సందులో మూడు. చెవి పట్టుకుంది, కాలుతోంది, మధ్యాహ్నం నుంచీ కాలుతూనే ఉంది, ఆమెకు తెలుసు, తెలిసీ ఎండను తిట్టింది, దుమ్మును తిట్టింది. అయ్యో. ఇరవై రోజులు. చేతులు చీరుకుపోయేట్టు ముళ్లు కొట్టి, మొగుణ్ణి బయట నిలబెట్టి, కులం మొత్తాన్ని కాదని, చివరికి తన గొంగడిలోనే, తన ఒడిలోనే. నాయనమ్మా, నీ గొంగడీ నా గొంగడీ ఒకటే అయ్యాయి కదే. ఇంకేం మిగిలింది, తోలుకుపోతే సరిపోతుంది, పోయేవి అందరితో పాటు పోతాయి, కనీసం బండారి ఉంటుంది, నిప్పుంటుంది, ఏడ్వడానికి పక్కన నాలుగు మొహాలుంటాయి. ఒళ్లంతా ఆ మాటకే జారిపోతోంది. అవతలి నుంచి లచ్చుబావ గొంతు, ఎట్లా కనిపెట్టాడో, గట్టయ్య భుజాలు వాలడం చూసి కాబోలు, "అమ్మోరు ముండ్లకు ఆగుతదానే? చూసినవా, నీ ఒళ్లెకే వచ్చింది! దండం పెట్టి తోలుకురా!" అని.

ఒళ్లోకే వచ్చిందా. ఎట్లా వచ్చింది బావా, ఎగిరి వచ్చిందా, కంప దూకి వచ్చిందా? బీరవ్వకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది, ఆ కోపం వెన్ను నిలబెట్టింది. కంప ఆపింది. ఇరవై రోజులు ఆపింది. ఆపనిది నేను. నేను పోయి ఎత్తుకుని వస్తేనే వచ్చింది, నా కాళ్లతో దాటింది, నా గొంగడిలో పడుకుని దాటింది, నడవలేదని నేనన్న మాట అక్షరాలా నిజమైంది. తప్పు చేసిందని చెప్పి తలదించుకుని ఇంకా పెద్ద తప్పులోకి నడుస్తుందా బీరవ్వ? ఎవరెవరిని తాకింది ఇది? బొల్లి పాలు తాగింది, బొల్లి పిల్లతో కలిసి పడుకుంది, మిగతా పిల్లల దగ్గరికి పోనివ్వలేదు, రాత్రిళ్లు తన దగ్గరే కట్టుకుంది. బొల్లి, బొల్లి పిల్ల, ఇది. నాలుగోది తను. వాగు దిగువన, రెండు పాయల నడుమ, ఇసుక తిన్నె ఉంది, దాని మీద నాలుగు పొన్న చెట్లు, కాస్త గడ్డి. మంద నీళ్లు తాగేది ఎగువన. వానలకు ఇంకా రెండు నెలలుంది, పక్కులు రాలడానికి అది చాలు.

"గట్టయ్యా!" అంది. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం ఆమెకు అదే మొదలు. అవతలి ఒడ్డున ఎవరో నోరు నొక్కుకున్నారు. "నేను తెచ్చిన దీన్ని. అన్న దొడ్ల నుంచి నేనే తెచ్చిన, అమ్మోరును నేనే మోసిన. దించేది గూడ నేనే. ఈ పిల్లను, బొల్లిని, దాని పిల్లను తీస్కొని తిన్నె మీదికి పోత. మంద కాడ ఎవలూ లేరు. నువ్వు వస్తవా, మీ అన్న కాడికి పోతవా, జెల్ది చెప్పు. పొద్దు ఆగదు."

జవాబు కోసం ఆగలేదు. బొల్లిని కొమ్ము పట్టి లాగింది, దాని పిల్లనూ జబ్బు పిల్లనూ చంకన ఇరికించుకుంది, కంపను పక్కనుంచి ఎత్తి దిగువ బాట పట్టింది. తన గొంగడి తీసి బాట పక్కని పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద వేసింది, తొలి కత్తిరింపు ఉన్నితో పెళ్లినాటికి నేసిన గొంగడి అది, అంటుకోవడానికి మొరాయించి, పొగలు కక్కి, చివరికి అంటుకుంది. వెనక్కి చూడకూడదనుకుంది. నీళ్లలో నడుము దాకా దిగాక చూడకుండా ఉండలేకపోయింది. గట్టయ్య అవతలి ఒడ్డుకు తిరిగి నడుస్తున్నాడు. సరే, పో, ఇరవై ఏళ్లు తెలిసిన సంగతే కదా, అనుకుంటుండగా ఆయన గట్టు దగ్గర ఆగాడు. భుజం మీది గొంగడి తీసి, నాలుగు మడతలు వేసి, పసుపు దొన్నెతో సహా అన్న కాళ్ల దగ్గర పెట్టాడు. పెట్టి, తిరిగి, నీళ్లలోకి వచ్చి, ముక్కు మూసుకుని ఒక్క మునక, ఇంకో మునక, మూడో మునక. తడిసిన జుట్టు కళ్ల మీద పడుతుంటే, ఎగువ నుంచి ఒడ్డెక్కి, కంపను తన చేతులతో వెనక నుంచి మళ్లీ బాటకు అడ్డం లాగాడు. ముల్లు గుచ్చుకుని "అబ్బా" అన్నాడు. బీరవ్వకు నవ్వు వచ్చింది, దానితోపాటే కళ్ల నీళ్లు కూడా.

డప్పులు మొదలయ్యాయి. ఆరు మందలతోనే మొదలుపెట్టారు. పొద్దు గుట్టను తాకింది. తిన్నె మీద ఇసుక ఇంకా వేడిగా ఉంది, బొల్లి నిలబడి చుట్టూ నీళ్లను చూసి అరుస్తోంది, జబ్బు పిల్ల పొన్న చెట్టు మొదట్లో తల వాల్చింది. బతుకుతుందో లేదో. బొల్లి సంగతి ఎనిమిది, పది రోజుల్లో తేలుతుంది. గుట్ట మీద ఉన్నవాటి సంగతి కూడా. అప్పటిదాకా ఎవరు గెలిచారని ఎవరూ అనడానికి లేదు, అవతల డప్పులు కొట్టేవాళ్లూ అనడానికి లేదు.

"ఇయ్యాల్టి నుంచి మీకు బండారి లేదు!" లచ్చుబావ గట్టు మీద నుంచి అరుస్తున్నాడు, డప్పుల మీదుగా, గొంతు చీలిపోయేట్టు. "నిప్పు లేదు! నీళ్లు లేవు!"

"నిప్పు కోసి ఇస్తది బావా!" బీరవ్వ చేతులు నోటి చుట్టూ పెట్టుకుని అరిచింది. "నీళ్లు నా సుట్టూ ఉన్నయి, నీకు గావాల్నంటే నువ్వే కిందికి వచ్చి తీస్కపో!"

ఎగువన గుట్టవాలులో గట్టయ్య మందను లెక్కపెడుతున్నాడు. ఆయనకు ఇరవై దాటి లెక్క రాదు. ఎప్పుడూ అన్న పెట్టేవాడు, అన్న లేకపోతే బీరవ్వ పెట్టేది. ఒక్కో ఇరవై అయ్యాక ఒక రాయి వేస్తున్నాడు. చీకటి పడేలోపు గొంతు వినిపించింది, మొదట తడబడి, తర్వాత గట్టిగా, వాగంతా వినపడేలా.

"మూడు రాళ్లు! అరవై ఉన్నయే బీరవ్వా!"

"రేపు పొద్దుగాల మల్ల లెక్కపెట్టు!" అని అరిచింది బీరవ్వ. "ఒక్కొక్కదాని తోక లేపి చూసి లెక్కపెట్టు!"